అనసూయ పిన్నిగారు పలికిన పేరు

బాణలిలో పంచదార కరిగి, మొదట తేనె రంగుకి, తర్వాత బెల్లం పాకం రంగుకి తిరిగి, అంచుల్లో సన్నటి నురగ లేస్తున్నప్పుడు ఒక వాసన వస్తుంది. తీపికీ చేదుకీ మధ్య నిలబడిన వాసన అది. ఇంకాస్త ఆగితే మాడిపోతుంది, ముందే దించితే కేకుకి రంగు రాదు. ఏటా డిసెంబరులో ప్లమ్ కేకు కోసం బాపట్లలో మా వంటింట్లో ఆ పాకం పెడతాను. అందులో వేడినీళ్ళు పోసేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి, మొహం పక్కకి తిప్పుకుని పోస్తాను. అలా నిలబడడం నాకు నేర్పింది అనసూయ పిన్నిగారు. నిన్న మధ్యాహ్నం ఆ వాసన ముక్కుకి తగలగానే తెనాలిలో ఆవిడ వంటిల్లు, ఎర్ర గచ్చు, కిటికీ ఊచకి వేలాడే నీలం వైరు బుట్ట, అన్నీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. పొయ్యి కట్టేసి కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడని చూడనివాళ్ళకి ఆవిడెవరో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అనసూయగారు తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికున్నన్నాళ్ళూ తల్లితో, ఆ తర్వాత ఒక్కరే ఆ ఇంట్లో ఉండేవారు. వీధిలో అందరికీ ఆవిడ టెలిఫోను పిన్నిగారు. సన్నగా, పొడుగ్గా, నూలు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తుగా కట్టుకుని, నడుస్తుంటే ఎక్కడికో టైముకి చేరాల్సిన మనిషిలా కనిపించేవారు. గొంతు మాత్రం ప్రత్యేకం. ఎంత నెమ్మదిగా మాట్లాడినా ప్రతి అక్షరం విడిగా వినిపించేది. రోజంతా ఎవరెవరి ఊళ్ళకో లైన్లు కలుపుతూ మాట్లాడీ మాట్లాడీ, ఇంటికొచ్చాక ఇక నోరు తెరవాలనిపించేది కాదట. అందుకని నోటికి సెలవిచ్చి చేతులకి పని చెప్పడం మొదలుపెట్టానని అనేవారు. ముడత కాగితంతో గులాబీలు చుట్టడం, పూసలతో తోరణాలు కట్టడం, ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లడం అలా వచ్చినవే. కేకులు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో మద్రాసు ట్రైనింగుకి వెళ్ళినప్పుడు పట్టుబడ్డాయి. ఆ హాస్టలు వార్డెనమ్మ ఆదివారాలు పాత గిన్నెలో ఇసుక పోసి, పొయ్యి మీద వేడెక్కించి, దాని మీద కేకు పెట్టేదట. అది చూసి వచ్చిన అనసూయగారు తెనాలిలో వాళ్ళమ్మ పచ్చళ్ళ గిన్నెల మధ్య ఒక ఇసుక గిన్నెకి చోటు సంపాదించుకున్నారు. ఏ రోజూ ఏదీ అమ్మలేదు. చేసింది ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళిపోయేది, అంతే.

నేను ఆ ఇంటి మేడమీద వాటాలోకి అద్దెకి వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మా పుట్టిల్లు రేపల్లె. ఆ రావడానికి ముందు జరిగింది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఏడో నెల దాటాక, గుంటూరు ఆసుపత్రిలో మాకు పాప పుట్టింది. ఏడవలేదు. ఒక్కసారి చూపించారు, ఎత్తుకోనివ్వలేదు. మా అమ్మ నన్ను రేపల్లె తీసుకెళ్ళి, పథ్యం పెట్టి, ఒళ్ళు కోలుకునేదాకా దగ్గరుంచుకుంది. చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ చిన్నవయసే కదా, మళ్ళీ పుడతారులే అని చెప్పి వెళ్ళేవారు. అమ్మ నా ముందు పిల్లల మాటే ఎత్తనిచ్చేది కాదు. పక్కింట్లో బారసాల జరిగితే మా ఇంటి కిటికీలు మూసింది. అందరూ నా మీద ప్రేమతోనే అలా చేశారు. కానీ ఆ ప్రేమలో పాప అసలు పుట్టనే లేదన్నట్టయింది. మావారు శ్రీధర్ విద్యుత్ శాఖలో పనిచేస్తారు. ఆయనే అడిగి తెనాలికి బదిలీ చేయించుకున్నారు. ఎవరికీ ఏమీ తెలియని ఊరైతే నాకు నయమని ఆయన ఉద్దేశం. పొద్దున ఆయన వెళ్ళిపోయాక నేను మంచం మీద కూర్చుని, ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తూ మధ్యాహ్నం చేసేదాన్ని.

ఒకరోజు కింద నుంచి పిలుపు వినపడింది. చేతిలో పని వదలడానికి లేదు, ఎవరైనా వచ్చి కాస్త గిన్నె పట్టుకోమని. దిగి వెళ్ళాను. అనసూయగారు పీట మీద కూర్చుని వెన్న, పంచదార గిలక్కొడుతున్నారు. గిన్నె గచ్చు మీద జారిపోతోంది. రెండు చేతులా పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడ గరిటె నా చేతికిచ్చి, నువ్వు కొట్టు, నేను గుడ్లు పగలగొడతానన్నారు. ఎంతసేపని అడిగితే, పంచదార పలుకు వేలికి తగలనంతసేపు అన్నారు. చెయ్యి నొప్పి పుట్టింది, భుజం లాగింది. వెన్న పసుపు రంగు వదిలి మెల్లగా తెల్లబడుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ నా గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ ఊరు, పిల్లలెంతమంది అని తెనాలిలో కూరగాయలమ్మే ఆవిడ సైతం అడిగింది, ఈవిడ అడగలేదు. మేడమీదకి వచ్చి పడుకున్నాను. నెలల తర్వాత ఆ మధ్యాహ్నం నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

మర్నాడు పిలవకుండానే వెళ్ళాను. ఆ తర్వాత అదే అలవాటైంది. పిండిని రెండుసార్లు జల్లించడం, కలిపేటప్పుడు ఒకే వైపు తిప్పడం, ఇసుక గిన్నె వేడెక్కిందో లేదో అరచెయ్యి పైన పెట్టి చూడడం ఒక్కొక్కటే చెప్పారు. చెప్పడం కంటే నా చేత చేయించి, తను వేరే పని చూసుకునేవారు. తప్పు జరిగితే అప్పటికప్పుడు ఆపేవారు కాదు. ఆ మధ్య ఆవిడ ముచ్చటపడి చిన్న కరెంటు ఓవెను కొనుక్కున్నారు. నేను సొంతంగా చేసిన మొదటి కేకు అందులోనే పెట్టాం. అది పొంగడం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. అనసూయగారు గోడ మీది గడియారం చూసి, మీ ఆయనకి ఫోను చెయ్యి, మా కేకు ఓవెన్లో ఉంది కాస్త చూడమని చెప్పు అన్నారు. నవ్వకుండానే అన్నారు. నేను నిజంగానే చేశాను. లైన్ల మరమ్మత్తు, తన చేతిలో ఏం లేదని శ్రీధర్ చెప్పారు. ఆదరాబాదరాగా ఇసుక గిన్నెలోకి మార్చాం కానీ అప్పటికే కేకు మధ్యలో గుంట పడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక కేకు కోసం కాదని ఆవిడకి తెలిసే ఉంటుంది.

ఆవిడ రెండు చెంచాలు తెచ్చి ఒకటి నాకిచ్చారు. "కేకు కూలింది, కొంప కూల్లేదుగా. తిను" అన్నారు.

గిన్నెలోంచే తిన్నాం. మధ్యలో పచ్చిగా ఉన్నచోటు వదిలేసి చుట్టూ తవ్వుకుని తిన్నాం. సాయంత్రం శ్రీధర్ ఇంటికొచ్చేసరికి అంచులు మాత్రమే మిగిలాయి. ఆయన అవి తింటూ నా మొహం వైపు పదేపదే చూశారు. నేను నవ్వుతున్నానని నాకు అప్పుడే తెలిసింది.

కేకు మీద పూలు వేయడం మాత్రం చాలా రోజులు పట్టింది. క్రీము పిండే కోను కోసం పాల ప్యాకెట్ కవరు కడిగి, ఆరబెట్టి, మూల కత్తిరించేవాళ్ళం. నా గులాబీలు క్యాబేజీల్లా వచ్చేవి. బోర్లించిన స్టీలు పళ్ళెం మీద వేయడం, గీకి మళ్ళీ కోనులో నింపడం, మళ్ళీ వేయడం. వేసవిలో వెన్న కరిగిపోతుందని అది ఆపి, వైరు బుట్టలు అల్లడం నేర్పేవారు. వీధి అరుగు మీద కూర్చుని అల్లుతుంటే ఆవిడకి ఎక్స్ఛేంజి కబుర్లు గుర్తొచ్చేవి. ట్రంకు కాలు బుక్ చేసేవాళ్ళ గొంతుని బట్టి అది ఎలాంటి కబురో తనకి ముందే తెలిసిపోయేదట. ఎలా తెలుస్తుందని అడిగాను.

"మంచి కబురు చెప్పేవాళ్ళు కంగారులో నంబరు తప్పు చెప్తారే. చెడ్డ కబురైతే ఒక్క అంకె కూడా తప్పు పోదు" అన్నారు. అవతలి ఊళ్ళో ఫోను మోగుతున్నంతసేపూ వాళ్ళకింకా ఏమీ తెలియదు కదా అని ఊపిరి బిగబట్టేదాన్నని చెప్పారు. రెండు వైపులా వినడమే కానీ ఏమీ అనడానికి వీల్లేని ఉద్యోగం అది. వినగా వినగా, ఓదార్పు మాటలు ఎంత తొందరగా అయిపోతాయో తెలిసిందన్నారు. అప్పటికి నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు.

మా వీధి చివర శ్రావణి అని నా ఈడు అమ్మాయి ఉండేది. వాళ్ళ బాబుకి మొదటి పుట్టినరోజు వచ్చింది. కేకు చేసిపెట్టమని అనసూయగారిని అడిగితే, ఈసారి వాణి చేస్తుందని చెప్పి పంపారు. వాణి అంటే నేనే. ఆ బాబు, మా పాప ఇంచుమించు ఒకే రోజుల వాళ్ళు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. కానీ గుంటూరు సంగతి ఎలాగో వీధిలోకి వచ్చేసింది. రెండో రోజు శ్రావణి అత్తగారు వచ్చింది. నేను మెట్ల మీద ఉన్నాను, కింద మాటలు వినిపిస్తున్నాయి. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. గొంతు తగ్గించి, ఇబ్బంది పడుతూనే చెప్పింది. శుభమా అని మొదటి పుట్టినరోజు కదా, బిడ్డని పోగొట్టుకున్న పిల్ల చేతి మీదుగా ఎందుకండి, మీరే చేసిపెట్టండి అని.

అనసూయగారి గొంతు ఎప్పటిలాగే అక్షరం అక్షరంగా వినిపించింది. "నాకు పిల్లలే లేరు కదండి. పెళ్ళే లేదు. నా చేత్తో అయితే ఫర్వాలేదా?"

ఆవిడ తడబడింది. మీది వేరండి అంది.

"వేరేం కాదండి. కేకు ఆ అమ్మాయే చేస్తుంది. వద్దనుకుంటే బజార్లో బోల్డు దొరుకుతాయి, ఏమీ అనుకోను" అన్నారు అనసూయగారు. తర్వాత ఆవిడకి కాఫీ ఇచ్చి పంపారు.

నేను కిందకి దిగి, నేను చేయనని చెప్పాను. అనసూయగారు నన్ను బలవంతపెట్టలేదు. నీకు చెయ్యాలని లేకపోతే మానెయ్, ఆవిడ అన్నదని మాత్రం మానకు అని, పప్పు ఏరుకుంటూ కూర్చున్నారు. ఆ తేడా ఏమిటో తేల్చుకోవడానికి నాకు ఆ పూటంతా పట్టింది. మర్నాడు శ్రావణి బాబుని చంకనేసుకుని తనే మేడ ఎక్కి వచ్చింది. "అక్కా, మీరే చెయ్యండి. అత్తయ్యకి నేను చెప్పుకుంటాను" అంది. మాట్లాడుతున్నంతసేపూ బాబు నా గాజులు పట్టుకుని లాగుతున్నాడు. శ్రావణి వాడిని వెనక్కి తీసుకోలేదు. నాకు పిల్లలు కనపడకుండా కిటికీలు మూసినవాళ్ళనే చూశాను కానీ, తన బిడ్డని నా చేతికి అందేంత దగ్గరగా ఉంచినవాళ్ళని అప్పటిదాకా చూడలేదు. సరే అన్నాను.

కేకు బాగా వచ్చింది. చుట్టూ అంచు వేశాను, మూలలకి గులాబీలు పెట్టాను. ఈసారి గులాబీలు గులాబీల్లాగే ఉన్నాయి. చివరికి బాబు పేరు రాయాలి. మొదటి అక్షరం రాసి, రెండోది రాయబోతే చెయ్యి కదలలేదు. కోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అనసూయగారు పక్కనే ముడత కాగితం కత్తిరిస్తున్నారు. కత్తెర కింద పెట్టి, మామూలు గొంతుతో, మామూలు విషయం అడిగినట్టు అడిగారు.

"మీ పాపకి ఏం పేరు పెడదామనుకున్నారే?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగని మాట అది. శ్రీధర్‌కీ నాకూ మధ్య సైతం ఆ పేరు మళ్ళీ రాలేదు. చెప్పాను. మైత్రి అని.

"మైత్రి" అన్నారు ఆవిడ. ఎక్స్ఛేంజిలో అవతలివాళ్ళు చెప్పిన పేరు సరిగ్గా విన్నామో లేదో రూఢి చేసుకోవడానికి తిరిగి పలుకుతారు చూడండి, అలా. ఒత్తు, గుడి ఏదీ పోకుండా. పాప పోయాక తన పేరు ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకోలేదు, కళ్ళు తుడవలేదు. కుర్చీ నా వైపు జరిపారు. కూర్చుని ఏడ్చాను. బహుశా గుంటూరులో ఏడవాల్సింది అక్కడ ఏడ్చాను. పాపకి జుట్టు ఎలా ఉందో, గడ్డం మీద మా నాన్నకున్నట్టే చిన్న సొట్ట ఎలా ఉందో చెప్పాను. ఆవిడ విన్నారు. నేను ఆగినప్పుడు ఆవిడా ఆగారు తప్ప ఆ ఖాళీని దేనితోనూ నింపలేదు. చాలాసేపటికి లేచి మొహం కడుక్కుని వచ్చి, బాబు పేరు పూర్తి చేశాను. రెండో అక్షరం కొంచెం కిందకి జారింది. ఎవరూ గమనించలేదు. శ్రావణి అత్తగారు ఒక ముక్క పళ్ళెంలో పెట్టుకుని తనే తెచ్చి నాకిచ్చింది. ఆ ఇంటితో నాకు ఇప్పటికీ రాకపోకలున్నాయి. ఆ సాయంత్రం శ్రీధర్ వచ్చాక ఆయనకి జరిగిందంతా చెప్పి, ఆ పేరు కూడా పలికాను. ఆయన చాలాసేపు షర్టు గుండీలు విప్పుతూనే ఉండిపోయారు.

తర్వాత మావారికి రేపల్లె బదిలీ అయింది. అక్కడే మా అబ్బాయి పుట్టాడు. వాడి మొదటి పుట్టినరోజుకి అనసూయగారు కేకు చేసుకుని, స్టీలు డబ్బాలో పెట్టుకుని, తెనాలి నుంచి ప్యాసింజరు బండిలో వచ్చారు. బండిలో జనం. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నా ఎవరి మోచెయ్యో తగిలి కేకు ఒకవైపు నలిగిపోయింది. వచ్చీ రాగానే మంచినీళ్ళు కూడా తాగకుండా మా వరండాలో చతికిలబడి, చాకుతో ఆ వైపు క్రీము సర్దడం మొదలుపెట్టారు. ఎంత సర్దినా వంకర పోలేదు. మా అమ్మ, అయ్యో పర్లేదండి అంటుంటే, పర్లేదని నాకూ తెలుసు, ఫోటోలో మాత్రం ఆ వైపు పడనివ్వకండి అన్నారు. మా ఇంట్లో ఉన్న ఆ ఫోటోలో కేకు నిండుగా, అందంగా ఉంటుంది. వెనక అనసూయగారు ఉంటారు. కేకు ఇటు తిరగకుండా ఒక చేత్తో పళ్ళెం గట్టిగా పట్టుకుని ఉంటారు.

మేం బాపట్ల వచ్చాక వెళ్ళడం తగ్గింది కానీ మానలేదు. ఆఖరి సంవత్సరాల్లో ఆవిడకి చేతులు వణికే జబ్బు వచ్చింది. అన్నగారి మనవరాలు వచ్చి తోడుగా ఉండేది. చెంచా నోటిదాకా తీసుకెళ్ళడమే కష్టమైతే ఇక కోను పట్టడం ఎక్కడిది. నా చేతులు నా మాట వినట్లేదే అని ఒకసారి అన్నారు, ఫిర్యాదులా కాదు, పక్కింటి పిల్లల అల్లరి చెప్పినట్టు. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ వంటింట్లోనే ఏదో ఒకటి చేసేదాన్ని. ఆవిడ కుర్చీలో కూర్చుని, పిండి ఇంకా కలపాలి, అటు పక్క పలచబడింది అని చెప్పేవారు. చివరిసారి కలిసినప్పుడు గొంతు కూడా సన్నగిల్లింది. ఏమంటున్నారో వినడానికి నేను ముందుకి వంగాల్సి వచ్చింది. అంత స్పష్టమైన గొంతు అలా అయిపోవడం చేతుల వణుకు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వెళ్ళొస్తానని లేచాక చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. వంగి మళ్ళీ అడిగాను.

"మైత్రి ఉంటే ఈ ఏడు టెన్త్‌కొచ్చేది కదూ?"

అవునండి అన్నాను. లెక్క సరిగ్గానే ఉంది. ఇన్నేళ్ళుగా ఏటా ఆ పిల్లకి ఒక వయసు వేస్తూ వస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. తెనాలి స్టేషన్లో బండి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, రేపల్లెలో మా అబ్బాయికి కేకు తెచ్చిన రోజున కూడా ఆవిడ మనసులో ఇద్దరు పిల్లలున్నారని గ్రహించాను. ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేరు. వానలు మొదలవకముందే పోయారు.

ఇప్పుడు బాపట్లలో శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికి కొందరు ఆడవాళ్ళు కేకులు, పూలు నేర్చుకోవడానికి వస్తారు. సరదాకే. ఈ మధ్య సుజాత అని ఒకావిడ చేరింది. ఆవిడ భర్త పోయి ఎన్నో నెలలు కాలేదు. ఆవిడ లోపలికి రాగానే మిగతావాళ్ళు నవ్వు ఆపేస్తారు. ఎవరూ తమ భర్తల మాట ఎత్తరు. ఆవిడ తలొంచుకుని పని చేసుకుని వెళ్ళిపోతుంది. మొన్న వానగా ఉండి ఆవిడొక్కతే వచ్చింది. కేకు చల్లారేదాకా ఎదురెదురుగా కూర్చున్నాం. మీవారికి ఏ స్వీటు ఇష్టమండి అని అడిగాను. ఆయనకి సుగరండి, ఏదీ తినకూడదు, కానీ స్కూటరు డిక్కీలో మైసూరుపాకు దాచుకునేవారు అంది. దాచిన సంగతి చీమల వల్ల ఎలా బయటపడిందో చెప్పి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆయన పేరు, ఆయన పాడే పాత పాటలు, ఆయన కోపం అన్నీ చెప్పింది. నేను విన్నాను. మధ్యలో ఏదో అందామని నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని రెండుసార్లు మింగేశాను. క్రీము పూయడం ఇద్దరమూ మర్చిపోయి, ఉత్త కేకే తలో ముక్క తిన్నాం. వాన తగ్గాక ఆవిడ గుమ్మంలో గొడుగు విప్పుతూ వెనక్కి తిరిగింది.

"ఆయన ఒకసారి వంట చేశారండి. అది వచ్చే శనివారం చెప్తాను" అంది.